ముంగిస ఓడెక్కిన కథ



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటో పెట్టాడు. హాస్టల్ ప్రహరీ పక్కన రాళ్ళ మీద నిలబడి, మెడ సాచి చూస్తున్న ముంగిస. కింద "ఎదురైతే మంచిదేనా అన్నా?" అని అడిగాడు. చాలామంది మంచిదే అన్నారు. ఇద్దరు ముగ్గురు పాము కథలు చెప్పారు. ఒకరు మాత్రం "పట్టుకుంటే రేటెంత" అని నవ్వు బొమ్మ పెట్టారు. అక్కడితో అది కిందికి జారిపోయింది. నాకు మాత్రం ఆ ఫోటో మనసులోంచి పోలేదు. అప్పటికి నేను పీజీ సెమినార్ కోసం కూలీ ఓడల చరిత్ర చదువుతున్నాను. ఆ పుస్తకాల్లో ఉన్నట్టుండి ఈ జంతువు కనబడింది. మనలాంటి కొండ జనాన్ని ఏ పని కోసం ఓడలెక్కించారో, అదే పంట కోసం, అదే కలకత్తా రేవు నుంచి దీన్ని కూడా ఎక్కించారు. ఎందుకు ఎక్కించారు, దిగినాక ఏమైంది, ఇవాళ ఇక్కడ దాని బతుకేంటి, అన్నీ కలిపి రాస్తున్నా. పోస్టు పొడుగే. తీరిగ్గా చదవండి.

ముందు మన ముంగిస సంగతి.

మాది పాపికొండల వైపు కొండరెడ్ల ఊరు. మా తాతకి పోడు చేను ఉండేది. చేనుకి ఒక పక్క ఇంత ఎత్తున పుట్ట. అందులో చెదలు ఎప్పుడో పోయాయి, ముంగిస కాపురం పెట్టింది. పిల్లలం కర్రలు పట్టుకుని పోతే తాత ఊరుకునేవాడు కాదు. "అది మన చేను కావలిరా, దాని జోలికి పోకండి" అనేవాడు. నాయనమ్మకి మాత్రం అదంటే పడదు. కోడిపిల్ల ఒకటి తగ్గిందంటే చాలు, ముందు ముంగిసనే తిట్టేది. ఇద్దరిదీ నిజమే. ఎలకల్ని తింటుంది, పాముని తింటుంది, బల్లి, తొండ, మిడత, పీత, కప్ప, పక్షి గుడ్డు, కోడిపిల్ల, రాలిన పండు, ఏది దొరికితే అది తింటుంది. చచ్చినదాన్ని కూడా వదలదు. గుడ్డు దొరికితే అది చేసే పని చూడాలి. రాయికి వీపు పెట్టి నిలబడి, వెనక కాళ్ళ సందులోంచి గుడ్డుని ఆ రాయి మీదకి విసిరి పగలగొడుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఊళ్ళ చుట్టూ కనబడేది బూడిదరంగు ముంగిస. ఒళ్ళెంత పొడవో తోక కూడా ఇంచుమించు అంతే. బరువు కిలో, కిలోన్నర. ఒక్కో వెంట్రుక మీద నలుపు, తెలుపు పట్టీలు మార్చి మార్చి ఉంటాయి, అందుకే ఒళ్ళంతా ఉప్పూ మిరియం చల్లినట్టు కనిపిస్తుంది. ఈ వెంట్రుక సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది. అడవి లోపలికి పోతే ఎర్ర ముంగిస. దాని తోక కొస నల్లగా ఉంటుంది, ఆ కొసని పైకి వంచి నడుస్తుంది. మూడోది చిన్న ముంగిస. అరకిలోకి అటూ ఇటూ ఉండే ఈ చిన్నది బెంగాల్, ఉత్తర భారతం వైపు ఎక్కువ. ఓడెక్కింది ఇదే.

ముంగిస పగటి జీవి. ఈ ఒక్క ముక్క మర్చిపోకండి, దీని కథ మొత్తం దీని మీదే తిరుగుతుంది. పొద్దున్నే బయటికొస్తుంది, ఎండ ముదిరితే బొరియలోకి పోతుంది, సాయంత్రం మళ్ళీ వస్తుంది. చీకటి పడితే పడుకుంటుంది. ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది, పిల్లలున్నప్పుడు తల్లి వెనక వరసగా పోతాయి. ఏడాదికి రెండు మూడు ఈతలు. కడుపుతో రెండు నెలలు, ఈతకి రెండు నుంచి నాలుగు పిల్లలు.

తాత దాని రాకపోకల్ని బట్టి కాలం చెప్పేవాడు. చలికాలం పొద్దు బాగా ఎక్కితే గానీ పుట్టలోంచి రాదు. వచ్చి కాసేపు రాయి మీద ఎండ కాచుకుని అప్పుడు పనికి పోతుంది. కోతలప్పుడు దానికి పండగ. కోసిన జొన్న, సామ కుప్పల కింద ఎలకలు చేరతాయి కదా, కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మామిడి పండగ దాటి ఎండలు ముదిరితే తెల్లారగట్ల వాగు చెలమ దగ్గర అడుగులు కనబడతాయి, మధ్యాహ్నం మనిషికి గానీ ముంగిసకి గానీ బయట పనిలేదు. మొదటి వానకి ఉసిళ్ళు లేస్తే పుట్టల దగ్గర అటూ ఇటూ గెంతుతూ ఏరుకుని తింటుంది. ఆ తర్వాత కప్పలు, పీతలు. వాన పడ్డాక పుట్ట నోటి దగ్గర పీత డిప్పలు ఉన్నాయంటే లోపల పిల్లలున్నాయని తాత లెక్క. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. కానీ తాత తప్పిన రోజు కూడా నాకు గుర్తులేదు.

పాము విషయం చెప్పకపోతే మీరు ఊరుకోరు. మా సంతకి ఒకడు వచ్చేవాడు. బుట్టలో పాము, మేకుకి కట్టిన ముంగిస. "ఇప్పుడు వదులుతా, ఇప్పుడే వదులుతా" అంటూ గంటసేపు తాయెత్తులు అమ్మేవాడు. సంత ముగిసేదాకా నిలబడినా ఏనాడూ వదల్లేదు. నేను మూడు వారాలు నిలబడ్డా, కాబట్టి చెప్తున్నా. అసలు అడవిలో జరిగేదైతే, ముంగిస ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుంటుంది. పాము కాటు ఆ వెంట్రుకల్లో పడి జారిపోతుంది. అలా కాటేయించి కాటేయించి, అలిసిపోయాక తల పట్టుకుని కొరుకుతుంది. విషానికి తట్టుకునే గుణం కూడా కొంత ఉంది. నాగుపాము విషం ఏం చేస్తుందంటే, నరం చెప్పిన మాట కండకి చేరే చోట ఒక తాళంలా పడిపోతుంది. కండ కదలదు, ఊపిరాడదు. ముంగిసలో ఆ చోటు ఆకారమే కొంచెం వేరు, అందుకని విషం సరిగ్గా అతుక్కోదు. 1992లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. పాము తన విషానికి తాను చావకుండా ఉండటానికి కూడా దాని ఒంట్లో ఇలాంటి మార్పే ఉందట. అంతమాత్రాన ముంగిసకి చావు లేదని కాదు. ఎక్కువ విషం ఎక్కితే అదీ చస్తుంది.

ముంగిస కాటు తిన్నాక ఏదో ఆకు నమిలి వస్తుందని మన పెద్దవాళ్ళు చెప్తారు. ఈ మాట ఎంత దూరం పోయిందంటే, 18వ శతాబ్దంలో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఒక మొక్కకి ఓఫియోరైజా ముంగోస్ అని పేరు పెట్టాడు. పాము వేరు, ముంగిస మొక్క అని అర్థం వచ్చేలా. ఆకు సంగతి నిజమని తేలలేదు గానీ పేరు మాత్రం నిలిచిపోయింది. ఇంగ్లీషు 'మంగూస్' కూడా ఇటునుంచి పోయిందే. నిఘంటువులు దాన్ని మరాఠీ మాట అని చెప్పి, దాని వెనక ద్రావిడ భాషల్ని, మన తెలుగు ముంగిసనీ చూపిస్తాయి. జంతువు ఓడెక్కడానికి చాలా ముందే దాని పేరు ఎక్కింది.

ఇక ఓడల సంగతికి వద్దాం.

జమైకా, బార్బడోస్, గయానా, మారిషస్, ఫిజీ, హవాయి. మ్యాపులో చూస్తే ఒకదానికొకటి వేల మైళ్ళ దూరం. కానీ 19వ శతాబ్దంలో వీటన్నిటినీ ఒకటే తాడు కట్టింది, చెరకు. ఇంగ్లండులో టీలో వేసుకునే పంచదార కోసం ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి చెరకు తోటలు వేయించారు. 1834 ఆగస్టు 1న బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. నాలుగేళ్ళు 'అప్రెంటిస్' అని పేరు మార్చి అదే పని చేయించుకున్నారు. 1838లో అదీ పోయింది. విడుదలైనవాళ్ళు తోట ముఖం చూడటానికి ఇష్టపడలేదు. ఎవరు ఇష్టపడతారు చెప్పండి? మరి చెరకు ఎవరు నరకాలి?

అప్పుడు వాళ్ళ చూపు మనవైపు తిరిగింది. మనవైపు అంటే మామూలుగా ఇండియా వైపు అని కాదు, కొండల వైపు. జాన్ గ్లాడ్‌స్టన్ అని గయానాలో తోటలున్న పెద్ద వ్యాపారి ఉండేవాడు. ఆయన కొడుకే తర్వాత ఇంగ్లండుకి ప్రధానమంత్రి అయ్యాడు. ఈయన 1836లో కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాశాడు, కూలీలు దొరుకుతారా అని. కంపెనీ నుంచి వచ్చిన జవాబు ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఛోటానాగపూర్ కొండల నుంచి వచ్చే 'ధాంగర్లు' బాగా పనికొస్తారు, వాళ్ళు మనిషికంటే కోతికి దగ్గరగా ఉంటారని అంటుంటారు, తినడం తాగడం పడుకోవడం తప్ప వాళ్ళకి కోరికలేవీ లేవు, ఎక్కడికి తీసుకుపోతున్నారో కూడా తెలియదు — ఇదీ ఆ జవాబు సారం. ధాంగర్లు అంటే ఎవరు? ఓరాన్లు, ముండాలు, అలాంటి మన ఆదివాసీ జనమే. అప్పటికి నాలుగైదేళ్ళ ముందే, 1831-32లో, అదే కొండల్లో కోల్ తిరుగుబాటు జరిగింది. భూమిని బయటివాళ్ళు గుంజుకుంటుంటే తిరగబడ్డవాళ్ళకి కోరికలు లేవట!

సెమినార్‌లో ఈ ఉత్తరం గురించి చెప్తున్నప్పుడు నా గొంతు ఆగింది. చదివింపు ఆపి కాసేపు నీళ్ళు తాగాను.

1834 నవంబరులో అట్లాస్ అనే ఓడ 36 మంది కొండ కూలీలతో మారిషస్ చేరింది. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు గయానా తీరానికి చేరాయి. వాటిలో చాలామంది ఇలాంటి కొండవాళ్ళే. సముద్రం ఎన్నడూ చూడని జనం. ఓడలోనూ, తోటలోనూ చాలామంది పోయారు. కొట్టారనీ, జీతం ఇవ్వలేదనీ గొడవై కొన్నాళ్ళు ఎగుమతి ఆపారు కూడా. తర్వాత మళ్ళీ మొదలెట్టారు. 1845లో జమైకాకి మొదటి ఓడ వెళ్ళింది. అలా మొదలైన దారిలో తర్వాత మైదాన ప్రాంతాల జనం లక్షల్లో పోయారు. మన తెలుగువాళ్ళు కూడా. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎక్కారు కాబట్టి మారిషస్‌లో తెలుగువాళ్ళని 'కొరింగీలు' అనేవాళ్ళు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు నడిచాయి.

మనుషులు దొరికారు. తోటల్లో ఇంకో సమస్య మిగిలింది, ఎలకలు. చెరకు తీపి ఎలక్కి తెలియనిదా. గడ మొదట్లో కొరికితే గడంతా పులిసిపోతుంది. జమైకా తోటల యజమానులు వందేళ్ళ పాటు దీంతో తలకొట్టుకున్నారు. 1762లో క్యూబా నుంచి ఒక రకం చీమల్ని తెచ్చారు, ఎలక పిల్లల్ని తింటాయని. చీమలు మనుషుల్ని కుట్టడం మొదలెట్టాయి. 1844లో పెద్ద జాతి గోదురు కప్పల్ని తెచ్చారు. కప్పలు పెరిగాయి, ఎలకలు తగ్గలేదు. నవ్వొస్తుంది గానీ, ఎక్కడో ఒకటి తెచ్చి ఇక్కడ పడేస్తే పని అయిపోతుందనే ఆ నమ్మకం ఈనాటికీ పోలేదు.

1872 ఫిబ్రవరిలో స్ప్రింగ్ గార్డెన్ అనే తోట యజమాని, ఎస్పూట్ అనే ఆయన, కలకత్తా నుంచి తొమ్మిది చిన్న ముంగిసల్ని తెప్పించాడు. నాలుగు మగవి, ఐదు ఆడవి. మర్చంట్‌మన్ అనే ఓడలో వచ్చాయి. వాటిని తోటలో వదిలాడు. కొద్ది నెలల్లోనే ఎలకలు తగ్గిపోయాయని, బోలెడు డబ్బు మిగిలిందని తర్వాత లండన్‌లో జంతుశాస్త్ర సంఘానికి వ్యాసం కూడా రాశాడు. ఇంకేముంది, చుట్టుపక్కల దీవులన్నీ జమైకా ముంగిసల కోసం ఎగబడ్డాయి. పోర్టోరికో, గ్రెనడా, బార్బడోస్, ఇంకా ఎన్నో. 1883లో జమైకా నుంచి 72 ముంగిసలు పసిఫిక్ సముద్రంలోని హవాయికి పోయాయి. అదే ఏడాది ఫిజీకి కూడా ముంగిస చేరింది. 1900 ప్రాంతంలో ప్లేగు ఎలకల కోసమని మారిషస్‌కి. చూడండి, పైన కూలీ ఓడల పేర్లు చెప్పిన చోట్లే ఇవి.

ఆ తర్వాత జరిగింది మా తాతని అడిగినా చెప్పేవాడు. ముంగిస పగలు తిరుగుతుంది, ఎలక రాత్రి తిరుగుతుంది. మొదట్లో ఎలకలు కొన్ని దొరికాయి. తర్వాత నల్ల ఎలకలు చెట్లెక్కి కాపురం పెట్టాయి. ముంగిస చెట్టెక్కడంలో అంత గట్టిది కాదు. మరి అది ఆకలితో కూర్చుంటుందా? నేల మీద గూడు పెట్టే పక్షులు, వాటి గుడ్లు, బల్లులు, తొండలు, తాబేలు గుడ్లు, ఊరి కోళ్ళు. ఆ దీవుల్లో పక్షులకి, బల్లులకి ఇలాంటి వేటగాడు ఎన్నడూ ఎదురుకాలేదు. పారిపోవాలని కూడా వాటికి తెలియదు. బల్లులు, పక్షులు తగ్గేసరికి అవి తినే పురుగులు పెరిగాయి. పశువులకీ మనుషులకీ పిడుదులు ఎక్కువయ్యాయని జమైకా జనం మొరపెట్టుకున్నారు. తెచ్చి ఇరవై ఏళ్ళు కాకముందే, 1890లో, ఈ ముంగిసల్ని ఎలా తగ్గించాలా అని ప్రభుత్వం విచారణ సంఘం వేసింది.

జమైకాలో ఒక పెద్ద బల్లి ఉంది, ఇగ్వానా. 1940ల తర్వాత అది అంతరించిందనే అనుకున్నారు. 1990లో హెల్‌షైర్ కొండల్లో ఒక పందుల వేటగాడి కుక్క దాన్ని పట్టింది. అధికారులు కాదు, శాస్త్రవేత్తలు కాదు, వేటగాడు తెచ్చి చూపిస్తే అప్పుడు లోకానికి తెలిసింది అది బతికుందని. ఇప్పటికీ దాని పిల్లల్ని ముంగిసల నుంచి కాపాడటానికి జూలో పెంచి, కాస్త పెద్దయ్యాక అడవిలో వదులుతున్నారు. కరిబియన్‌లో కొన్ని దీవుల్లో ముంగిసలే పిచ్చికుక్క వ్యాధిని మోస్తున్నాయి. అమెరికా 1900లోనే చట్టం చేసి ముంగిస దిగుమతి ఆపింది. లోకంలో అతి చెడ్డ వంద చొరబాటు జీవుల జాబితా ఒకటుంది, అందులో దీని పేరు ఉంది.

హవాయిలోని కవాయి దీవిలో ముంగిసలు స్థిరపడలేదు. రేవులో పెట్టె దించుతుంటే ఒక ముంగిస కూలివాడి వేలు కొరికిందని, కోపంతో అతను పెట్టెని సముద్రంలోకి తన్నేశాడని అక్కడ చెప్పుకుంటారు. కథో నిజమో గానీ, నాకు ఆ కూలివాడు నచ్చాడు.

జపాన్ సంగతి వేరే దారి. అక్కడ చెరకు ఒక్కటే కాదు, పాము కోసం. దక్షిణాన ఒకినావా దీవిలో హాబు అనే విషసర్పం. 1910లో వతాసే అనే జంతుశాస్త్ర ఆచార్యుడు మన గంగానది ప్రాంతం నుంచి పదిహేను దాకా ముంగిసల్ని తెప్పించి వదిలాడు. పామూ ముంగిసా అంటే జపాన్‌లో కూడా అదే మోజు. మళ్ళీ అదే తప్పు: హాబు రాత్రి తిరుగుతుంది. 1979లో పక్కనున్న అమామి ఓషిమా దీవిలో ముప్పై దాకా వదిలారు. అక్కడ ఇంకెక్కడా లేని నల్ల కుందేలు ఒకటి ఉంది, పాత కాలపు జాతి. ముంగిసలు దాన్ని తినడం మొదలెట్టాయి. 2000 నాటికి ఆ దీవిలో పది వేల ముంగిసలు అయ్యాయని అంచనా. 2005లో 'మంగూస్ బస్టర్స్' అని ఒక దళం పెట్టారు. ఉచ్చులు, కెమెరాలు, వాసన పట్టే కుక్కలు, ఏళ్ళ తరబడి అడవి అడవంతా గాలించారు. మొత్తం ముప్పై వేలకు పైగా చంపారు. ఆఖరిది 2018లో దొరికింది. ఇంకా ఆరేళ్ళు చూసి, 2024 సెప్టెంబరులో ఇక ఒక్కటి కూడా లేదని ప్రకటించారు. కుందేళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయి.

కుందేలు బతికింది, సంతోషమే. ఇంత పెద్ద దీవిలో ముంగిసని పూర్తిగా తీసేయడం మామూలు విషయం కాదు, దానికోసం అన్నేళ్ళు అడవిలో నడిచినవాళ్ళని తప్పు పట్టను. కానీ చదువుతుంటే ఒకటి అనిపించింది. ముప్పైటిని వదిలితే ముప్పై వేల ప్రాణాలు పోయాయి. ముంగిస తనంతట తాను ఏ సముద్రమూ దాటలేదు. మా చేను పుట్టలో ఉన్నప్పుడు అది కావలి. అదే జంతువుని ఇంకోచోట దింపితే దొంగ, చొరబాటుదారు. మారింది ముంగిస కాదు కదా.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. ఓడెక్కిన మనుషుల్నీ ముంగిసనీ నేను ఒకే గాటన కట్టడం లేదు. మన జనం పోయిన చోట పాటలు పాడుకున్నారు, సమ్మెలు చేశారు, పిల్లల్ని చదివించారు, ఆ దేశాలకి పౌరులయ్యారు. ఒకే గాటన కట్టింది తోట యజమాని లెక్క. ఎలకలకి ముంగిస, చెరక్కి ధాంగరు. రెండూ కలకత్తాలో దొరికే సరుకే. పని ఉన్నంతసేపు మంచిది, తేడా వస్తే పుట్టుకలోనే చెడ్డది.

పుట్టుకలోనే చెడ్డది అనే మాట మనకి కొత్త కాదు. ముంగిస జమైకాలో దిగడానికి ఏడాది ముందు, 1871లో, ఇక్కడ నేరస్థ తెగల చట్టం వచ్చింది. వేటాడేవాళ్ళు, సంచారం చేసేవాళ్ళు, బుట్టలల్లేవాళ్ళు, వాళ్ళ పిల్లలు పుట్టుకతోనే దొంగలని రాసేశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. మన ఎరుకల సోదరులకి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు, రోజూ హాజరు, అన్నీ అప్పటివే. ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. ఊళ్ళో ఏదైనా పోతే ముందు ఎవరింటికి పోలీసు వస్తాడో ఇప్పటికీ చాలామందికి అనుభవం.

ఇప్పుడు ఆ "రేటెంత" అన్న మాటకి వస్తాను.

ఇందాక వెంట్రుక గుర్తుపెట్టుకోమన్నాను. ముంగిస వెంట్రుక బొమ్మల బ్రష్షుకి బాగుంటుందట, రంగుని పట్టి ఉంచుతుంది, కొస చెదరదు. ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్ జిల్లా షేర్‌కోట్ బ్రష్షుల తయారీకి పేరున్న ఊరు. ఒక ముంగిసని చంపితే పనికొచ్చే వెంట్రుక ఇరవై గ్రాముల దాకా వస్తుంది. కిలో కావాలంటే యాభై ముంగిసలు. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థవాళ్ళు ఐదు రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు చేస్తే యాభై వేలకు పైగా బ్రష్షులు, వంద కిలోలకు పైగా పచ్చి వెంట్రుక దొరికాయి. ఆ పచ్చి వెంట్రుక ఒక్కటే ఐదు వేల ముంగిసలు.

ఈ వెంట్రుక ఎక్కడినుంచి వస్తుందని రాసే ప్రతి రిపోర్టులోనూ మొదట కనబడేవి వేట తెగల పేర్లే. తమిళనాడు నరికురవర్లు, కర్ణాటక హక్కిపిక్కిలు, ఇంకా మనవాళ్ళ పేర్లు కూడా. పట్టేవాళ్ళలో వాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు, దాచాల్సిన పని లేదు. కానీ కొనేవాడికి ఏ తెగ పేరూ ఉండదు. దళారీకి, ఫ్యాక్టరీకి, చక్కటి పెట్టెలో పెట్టి అమ్మే షాపుకి, ఏ జంతువు వెంట్రుకో అడగకుండా కొనుక్కునే బొమ్మల మాస్టారికి ఎవరూ కులం రాయరు. ఉచ్చు పెట్టినవాడికి దక్కేది ఆ బ్రష్షుల ధరలో చాలా చిన్న ముక్క. కేసు మాత్రం వాడి మీద నిండుగా పడుతుంది. 2022 సవరణ తర్వాత ముంగిస వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులితో సమానం. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, ఇరవై ఐదు వేలకు తగ్గని జరిమానా. పట్టడమే కాదు, వెంట్రుక దగ్గర ఉంచుకున్నా, బ్రష్షు అమ్మినా అదే.

కాబట్టి తమ్ముడూ, రేటు అడిగినవాడు నవ్వు బొమ్మ పెట్టినా సరే, మీ ఊరికి ఎవడైనా వచ్చి తోలుకింత, వెంట్రుకకింత అని చెప్తే వాడి మాట వినకండి. కోర్టు మెట్లెక్కేది వాడు కాదు. మన పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్రష్షు కొనేటప్పుడు నైలాన్‌దా అని అడిగి తీసుకోండి. బూడిద, నలుపు పట్టీలు కలిసిన వెంట్రుక కనబడితే పక్కన పెట్టేయండి.

చిన్నప్పుడు బడిలో పంచతంత్రం కథ చెప్పారు. పాముని చంపి, నోటికి రక్తంతో ఎదురొచ్చిన ముంగిసని చూసి, పిల్లాడిని తినేసిందనుకుని కొట్టి చంపేస్తారు. తర్వాత ఉయ్యాల దగ్గరికి పోయి చూస్తారు. మా మాస్టారు తొందరపడకూడదు అని చెప్పి పలక మూసేశారు. నేను ఇంటికెళ్ళి తాతకి చెప్తే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముంగిస మాట ఎవరూ అడగలేదు కదరా" అన్నాడు.

మీ మీ భాషల్లో ముంగిసని ఏమంటారో కింద రాయండి. కోయ, గోండి, కువి, సవర, కొలామీ, ఏ భాష అయినా. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రాస్తే ఇంకా మంచిది. అది ఎప్పుడు ఈనుతుంది, ఏ కాలంలో ఎక్కడ తిరుగుతుందని వాళ్ళు చెప్పే లెక్కలు కూడా. నేను ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచుతా.

తాత పోయి నాలుగేళ్ళయింది. పోడు చేను ఇప్పుడు జీడితోట. సామ లేదు, జొన్న లేదు, కుప్పలు లేవు. పుట్ట మాత్రం నాన్న తవ్వనివ్వలేదు. మొన్న వానలకి ఇంటికెళ్ళినప్పుడు పొద్దున్నే ఒక్కణ్ణే అటు పోయాను. పుట్ట నోటి దగ్గర మట్టి కొత్తగా తవ్వి ఉంది, పక్కన నాలుగైదు పీత డిప్పలు.